ఆ బాబు మనం అన్నాడు

సోమవారం. తేమ: ఎక్కువ.

ఈ ఉదయం స్వేచ్ఛామాత విగ్రహానికి తెల్ల రంగు వేస్తున్నారు. రంగు వేసే మనిషి గాలికి సముద్రంలో పడిపోకుండా అతన్ని విగ్రహం నడుముకే తాడుతో కట్టారు. కింద నిలబడి చూస్తున్న పెద్దమనుషుల్లో ఒక్కరికీ నవ్వు రాలేదు.

ఈ పుస్తకం నాకు పుస్తకాల గదిలో తేమ రాయడానికి ఇచ్చారు. రోజుకు ఒక్క మాట చాలు: ఎక్కువ, తక్కువ, మామూలు. పక్కన 'విశేషాలు' అని పెద్ద గడి వదిలారు. పై అంతస్తులో తెలుగు చదవగలిగినవాళ్ళు దాదాపు లేరు కాబట్టి ఆ గడి నాదే.

ఆదివారం స్వాతంత్ర్య దినం. తీరంలో ప్రభుత్వం పన్ను అడిగితే తట్టుకోలేక వీళ్ళ తాతలు ఓడలెక్కి, సముద్రం మధ్య ఈ ఊరు కట్టుకుని, తమకు తామే విముక్తి ప్రకటించుకున్న రోజు. కాగితాల మీద ఊరి పేరు విముక్తనగరం. కింది అంతస్తులో ఉండి పనిచేసేవాళ్ళు తెప్ప అంటారు. నీటి మీద తేలుతుంది, తనంతట తాను ఎక్కడికీ పోలేదు. కాబట్టి వాళ్ళ మాటే సరైనది.

మధ్యాహ్నం ఊరి సభలో ఉత్సవాలు చూసే సభ్యుడు రియాన్ష్ గారు వచ్చారు. అరవై దాటిన పెద్దలందరికీ ఇక్కడ ఇలాంటి పేర్లే. వాళ్ళు పుట్టిన రోజుల్లో అదొక మోజు. బట్టతలకీ బానపొట్టకీ ఆ పేర్లు ఇప్పుడు అతకవు గాని, అది వాళ్ళ తప్పు కాదు.

ఈసారి సముద్ర న్యాయస్థానం నుంచి జడ్జి వస్తోందట. ఇక్కడ మనుషుల్ని కట్టి ఉంచుతున్నారని ఎవరో ఫిర్యాదు చేశారట. అది రుజువైతే ఊరి జెండా తీసేసి, మళ్ళీ తీరప్రభుత్వం కిందికి తెస్తారు. రియాన్ష్ గారు ఈ సంగతి చెబుతూ చాలా బాధపడ్డారు. కట్టి ఉంచడం ఏమిటి, కిందివాళ్ళూ మనమూ ఒకే జాతి, ఒకే భాష, ఒక కుటుంబం అన్నారు. ఆ సంగతి జడ్జికి తెలియాలంటే ఈసారి స్వాతంత్ర్య ప్రకటనను తెలుగులో, స్వయంగా తానే చదవాలని నిర్ణయించుకున్నారు. అనువాదం నేను చేయాలి.

"కోర్టు ముందు ఊరి తరఫున చదివింది ఒట్టుతో సమానం, తెలుసుగా," అన్నారు. "కాబట్టి గట్టి తెలుగు కావాలి. నాకు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో రాసివ్వు, ఆగ్నెస్. కళ్ళకు శ్రమ."

తల ఊపాను. మనుషులతో మాట్లాడటం నాకు చేతకాదు. ఆయన దాన్ని వినయం అనుకుంటారు.

మంగళవారం. తేమ: ఎక్కువ.

ప్రకటన మూడు పేజీలు. మొదటి పేజీలో తాతలు తీరాన్ని తిట్టారు. పన్ను కట్టమనడాన్ని 'దాస్యం' అన్నారు. ఈ మాట వాళ్ళు కనిపెట్టింది కాదు. పాత పుస్తకాల్లో ఉంది. అమెరికాలో తెల్లవాళ్ళు ఇంగ్లండు రాజు మీద తిరగబడ్డప్పుడు ఆయన వేసిన పన్నును బానిసత్వం అన్నారు. అలా రాసిన పెద్దమనుషుల్లో చాలామందికి ఇళ్ళలో, పొలాల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషులు ఉన్నారు. వాళ్ళను మాత్రం ఆస్తి అన్నారు. చక్కటి పదసంపద.

అనువాదం ఒక్కచోటే ఆగింది. ప్రకటన మొదటి మాట 'వుయ్'. ఇంగ్లీషులో అది ఒక్కటే. తెలుగులో రెండున్నాయి. వింటున్నవాణ్ణి కలుపుకుంటే మనం. వదిలేస్తే మేము. ఇంగ్లీషువాళ్ళకు ఈ ఇబ్బంది లేదు. అందుకే వాళ్ళు అంత ధైర్యంగా ప్రకటనలు రాయగలిగారు.

నేను ఆలోచించనవసరం లేకపోయింది. చదివేది రియాన్ష్ గారు. వినేది కింది అంతస్తు. తాతలు కింది అంతస్తును తలుచుకుని ఒక్క వాక్యం కూడా రాయలేదు. కాబట్టి నిజాయితీగా రాశాను:

మేము స్వతంత్రులం. మమ్మల్ని ఎవరూ కట్టలేరు. మా శ్రమ మాది. మా పిల్లలు మా వాళ్ళు.

రాసి చూసుకుంటే తెలుగులో మరీ నిజంగా కనబడింది.

అద్దాల మీద ఉప్పు తుడవడానికి అసిరమ్మ వచ్చింది. రోజూ వస్తుంది. నన్ను పుస్తకాలమ్మా అంటుంది. ఆమె మణికట్టుకు ఎర్ర పట్టీ ఉంది, కిందివాళ్ళందరికీ ఉన్నట్టే. ఆ పట్టీ ఉంటే కింది తలుపులు తెరుచుకుంటాయి. పై తలుపులు పైనుంచి ఎవరైనా పిలిస్తేనే తెరుచుకుంటాయి. ఊరి అంచు తలుపులు ఎప్పటికీ తెరుచుకోవు. తిరుగు ఓడ వచ్చేదాకా పట్టీ ఉంటుందని ఒప్పందం. ఒప్పందంలో ఓడ బొమ్మ కూడా ఉంది. ఆ ఓడ ఇంతవరకు రాలేదు.

నాకు పట్టీ లేదు. కాన్వెంటులో పెరిగిన అనాథలకు కట్టరు. కాబట్టి నేను స్వతంత్రురాలినని లెక్క.

అసిరమ్మ పడమటి కిటికీని మిగతావాటి కంటే ఎక్కువసేపు తుడుస్తుంది. అటువైపు దూరంగా పాచి తెప్పలు కనబడతాయి. సముద్రపు పాచి పెంచి కోసేది అక్కడే. పట్టీ కట్టిన పిల్లల్ని ముందు అక్కడికే పంపుతారు. తల్లులు వాళ్ళను మళ్ళీ చూసేది పండగ రోజునే. అసిరమ్మ కొడుకు అక్కడున్నాడు. కూతురు దాలమ్మకు ఈ ఏడు పదహారు నిండాయి. ఆదివారం, ప్రకటన చదవగానే, అదే వేదిక మీద ఆ పిల్లకు పట్టీ కడతారు. ఈ ఏడు ఒక్కతే.

ప్రకటన తర్వాత పట్టీ కట్టడం అనే వరుస ఎవరు పెట్టారో తెలియదు. పెట్టినవాళ్ళకు దానిలో ఏమీ కనబడలేదని మాత్రం తెలుసు.

బుధవారం. తేమ: మామూలు.

తడిసిన పుస్తకం ఒకటి పేజీ పేజీ విప్పి ఆరబెడుతున్నాను. కరీబియన్ సముద్రంలో ఫ్రాన్సువాళ్ళ చక్కెర దీవి కథ. దాలమ్మ కూడా తల్లితో వచ్చింది. తుడుస్తూ అడుగుతుంది, నేను చదివి చెబుతాను. కాగితంలోంచి చదవడం నాకు మాట్లాడటం కిందికి రాదు.

ఫ్రాన్సులో మనుషులందరూ స్వేచ్ఛగా పుడతారని ప్రకటించారు. ఆ కబురు ఓడల్లో దీవికి చేరింది. ఆ దీవికి అంతకుముందు వచ్చిన ఓడల అడుగున ఆఫ్రికా మనుషుల్ని పక్కపక్కన పడుకోబెట్టి తెచ్చారు. ఇప్పుడు యజమానులు భోజనాల దగ్గర కూర్చుని స్వేచ్ఛ గురించి వాదించుకున్నారు. తమకు పారిస్‌తో సమానంగా హక్కులు కావాలన్నారు. వడ్డిస్తున్నవాళ్ళకు చెవులుంటాయని వాళ్ళకు తోచలేదు.

"అప్పుడాల్లేటి సేసేరు, వడ్డించినోల్లు?" అంది దాలమ్మ.

తగలబెట్టారని చెప్పాను. చెరుకు తోటలన్నీ. మనుషులందరూ అన్న మాటలో తామూ ఉన్నామని పారిస్‌తో ఒప్పించడానికి వాళ్ళకు ఇంకో మూడేళ్ళ యుద్ధం పట్టింది. కొన్నేళ్ళకు పారిస్ మనసు మార్చుకుని మళ్ళీ సంకెళ్ళు పంపింది. దీవివాళ్ళు ఆ సైన్యాన్ని ఓడించి, సొంత దేశం ప్రకటించుకున్నారు.

అసిరమ్మ గుడ్డ పిండుతూ, "మాట ఇచ్చినోడి కంటే విన్నోడే దాన్ని గట్టిగా పట్టుకుంటాడు," అంది. తర్వాత, మాకు తగలెట్టడానికి తోటలు కూడా లేవు, పాచి నీట్లో ఉంటాది, అని తనే నవ్వింది.

మిగిలిన కథ వాళ్ళకు చదవలేదు. అది వాళ్ళ కథే. బానిసల్ని ఉంచుకోవడం తప్పని ఇంగ్లండు ఒప్పుకున్నాక తోటల్లో పనిచేసేవాళ్ళు కావలసివచ్చి మన తీరానికి ఓడలు వచ్చాయి. ఈసారి సంకెళ్ళ బదులు ఒప్పంద పత్రం. గోదావరి పాయ పక్కన కోరంగి అనే రేవులో ఎక్కించుకుని మారిషస్‌లో దించారు. బర్మాలో అయితే మన తీరం నుంచి వెళ్ళిన కూలీలందరికీ ఆ రేవు పేరే తిట్టుగా మిగిలింది.

ఇక్కడి పైవాళ్ళు కూడా కిందివాళ్ళను కోరంగులు అంటారు. అది ఒక రకం చేప పేరనుకుంటారు.

గురువారం. తేమ: ఎక్కువ.

రియాన్ష్ గారు చదివి చూసుకోవడానికి వచ్చారు. గాజు బీరువా ముందు నిలబడి, పొట్ట లోపలికి పీల్చుకుని మొదలుపెట్టారు. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు.

"ఈ మేము ఏంటి? మే, మే అంటుంటే మేక అరిచినట్టుంది."

నేను కలం పక్కకు జరిపాను.

"మనం అని పెట్టు. మనం. వినడానికి రిచ్‌గా ఉంది. ఫ్యామిలీలా ఉంది."

"రెండూ ఒకటి కాదండి," అన్నాను.

ఇంత పెద్ద వాక్యం నేను ఆయనతో ఎప్పుడూ అనలేదు. ఆయన ముద్దుగా నవ్వారు. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ విజయనగరంలో అమ్మమ్మ దగ్గరే గడిపేవారట.

"నాకు తెలుగు చెప్పకమ్మా. అమ్మమ్మ చేతి ముద్దలు తిని నేర్చుకున్నాను."

అది నిజమే అయి ఉంటుంది. తినిపించేటప్పుడు ఆవిడ 'మనం తిందామా, మనం పడుకుందామా' అని ఉంటుంది. 'మేము తింటాం, నువ్వు చూస్తూ ఉండు' అని ఏ అమ్మమ్మా అనదు. అందుకని ఆయనకు ఒక్కటే వచ్చింది. పాపం ఆవిడకేం తెలుసు, మనవడు ఆ మాటతో ఊళ్ళేలుతాడని.

కలం తీసుకుని ఆయనే మార్చుకున్నారు. మేము కొట్టేసి మనం. మా కొట్టేసి మన. మమ్మల్ని అన్నచోట కొంచెంసేపు ఆలోచించి 'మనమ్మల్ని' అని రాశారు. ఆయన వెళ్ళాక దాన్ని 'మనల్ని' అని దిద్దాను. వ్యాకరణం వరకే నా పని.

మనం స్వతంత్రులం. మనల్ని ఎవరూ కట్టలేరు.

మళ్ళీ చదివాను. ఇంకోసారి కూడా చదివాను. తాతలు సమాధుల్లో ఉన్నారు. బతికుంటే వాళ్ళు గ్రహించేవారా అంటే, గ్రహించేవారు కాదనే అనుకుంటున్నాను.

శుక్రవారం. తేమ: ఎక్కువ. పటాలు రెండు బూజు పట్టాయి.

పై అంతస్తు మీద రిహార్సల్. రియాన్ష్ గారు గొంతెత్తి చదువుతుంటే అసిరమ్మ మెట్లు కడుగుతోంది. కాసేపటికి బకెట్టుతో సహా ఇక్కడికి వచ్చింది. వెనకే దాలమ్మ.

"పుస్తకాలమ్మా, ఆ బాబు మనం అన్నాడేటి?"

ఆయనే మార్చుకున్నారని చెప్పాను. మేక సంగతి కూడా చెప్పాను. దాలమ్మ పగలబడి నవ్వింది.

"మేకే నయం. తాడు కొరుక్కోడానికి పల్లుంటాయి," అంది.

అసిరమ్మ నవ్వలేదు. "తెలిసి అన్నాడా, తెలీక అన్నాడా?"

"తెలీక."

ఆమె చాలాసేపు పడమటి కిటికీ తుడిచింది. అది అప్పటికే శుభ్రంగా ఉంది. కోర్టు ముందు చదివింది ఒట్టుతో సమానమని ఆయన అన్న మాట కూడా ఆమెకు చెప్పాను. వచ్చే జడ్జి ఎవరని అడిగింది. కృపావతి గారని, భీమిలి మనిషని చెప్పాను. వచ్చే అతిథుల వివరాలు గోడకు అంటించే పని కూడా నాదే.

"బీవిలి మనిసైతే దానికి తేడా తెలుస్తాది," అంది అసిరమ్మ. తర్వాత నా దగ్గరికి వచ్చి, తడి చేయి నాకు తగలకుండా వెనక్కి పెట్టుకుని, మెల్లగా అంది. "నువ్వు ఆ బాబుకి మల్లీ సెప్పకు, తల్లీ. సెప్తే సరిసేసుకుంటాడు. ఆ నోట్లోంచే రానీ."

ఒకసారి చెప్పానని, అది చాలని అన్నాను.

అసలు సంగతి ఏమిటంటే, ఆ మనం ఎవరని జడ్జి ముందు అడగాల్సింది దాలమ్మ. పట్టీ కట్టేటప్పుడు చెయ్యి చాపకుండా నిలబడటం ఇంతవరకు ఎవరూ చేయలేదు. జడ్జి పట్టించుకోకపోతే పట్టీ ఎలాగూ కడతారు. ఆ తర్వాత పండగకు కూడా పాచి తెప్పల నుంచి రానివ్వరు. తల్లి ఇది కూతురికి విప్పి చెప్పింది, నా ముందే. దాలమ్మ కిటికీలోంచి చూస్తూ వింది. మణికట్టును రెండో చేత్తో పట్టుకుని ఉంది, ఏదో కొలిచి చూసుకుంటున్నట్టు.

శనివారం. తేమ: మామూలు.

పై అంతస్తులో తెలుగు చదవగలిగినవాళ్ళు దాదాపు లేరని రాశాను. ఆ దాదాపు అన్న మాట సిస్టర్ ఫిలోమినా కోసం. ఆవిడే నన్ను పెంచింది, చదువు చెప్పింది. ప్రతి ఏడూ పట్టీల పళ్ళెం మీద తీర్థం చల్లేది కూడా ఆవిడే. దేవుడికి అభ్యంతరం లేదని ఆవిడకు ఎవరు చెప్పారో నేను ఎప్పుడూ అడగలేదు. కాన్వెంటులో అడగకుండా ఉండటమే ముందు నేర్పుతారు.

ప్రకటన తెలుగు ప్రతిని ప్రింటు తీసి ఈ గది బయట గోడకు అంటించారు. ఆవిడ దాని ముందు ఆగింది. కళ్ళద్దాలు పెట్టుకుంది. వేలు మొదటి మాట మీద పెట్టింది, తీయలేదు.

బళ్ళో పైవాళ్ళ పిల్లలు లేచి, "సిస్టర్, మనం బాత్రూముకి వెళ్తాం," అనేవారు. ఆవిడ తాపీగా, "పదండి, నేనూ వస్తాను," అనేది. ఆ తర్వాత స్కేలుతో అరచేతి మీద ఒకటి. మనం, మేము తేడా ఈ ఊళ్ళో అరచేతుల మీద రాసిన మనిషి ఆవిడ. ఆ పిల్లలు పెద్దవాళ్ళై దెబ్బను గుర్తుంచుకున్నారు, తేడాను మరిచిపోయారు.

"ఇది నువ్వు రాశావా?"

"నేను మేము అని రాశాను, సిస్టర్. రియాన్ష్ గారు మార్చారు."

"నువ్వు చెప్పావా?"

"రెండూ ఒకటి కాదని చెప్పాను."

ఆవిడ కింది దాకా చదివింది. ఆవిడ జేబులోంచి పెన్సిలు తీసి ఒక చోట గీత పెట్టింది. ప్రింటు తీసినవాడు 'స్వతంత్ర్యులం' అని కొట్టాడు. దాన్ని 'స్వతంత్రులం' అని దిద్ది, పెన్సిలు జేబులో పెట్టుకుంది.

"నాకు ఈ ఒక్క తప్పే కనబడింది," అని వెళ్ళిపోయింది.

ఆదివారం. సాయంత్రం. తేమ చూడలేదు.

జరిగింది వరుసగా రాస్తాను.

జడ్జి కృపావతి గారు పొట్టిగా, సముద్ర ప్రయాణానికి వాంతులు చేసుకున్న ముఖంతో ఉన్నారు. ఎవరు నమస్కారం పెట్టినా గొడుగు ఎత్తేవారు. పైవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. కిందివాళ్ళు నిలబడ్డారు. పాచి తెప్పల నుంచి పిల్లల్ని జడ్జి వెళ్ళాక సాయంత్రం తెస్తామన్నారు. నేను స్వేచ్ఛామాత విగ్రహం వెనక నిలబడ్డాను. విగ్రహం నడుముకు రంగువాడి తాడు ఇంకా అలాగే ఉంది. విప్పడం మరిచిపోయారు.

రియాన్ష్ గారు ముందు చిన్న ఉపన్యాసం ఇచ్చారు. ఫిర్యాదు అబద్ధమన్నారు. పరాయివాళ్ళను కట్టిపడేస్తే అది బానిసత్వమని, ఇక్కడ పరాయివాళ్ళే లేరని అన్నారు. వీళ్ళు మా వాళ్ళు, మా భాష ఒకటే, మాది బంధం కాదు, అనుబంధం. ఇంతవరకు 'మా' చక్కగానే వాడారు. ఉపన్యాసం నేను రాయలేదు.

తర్వాత కాగితం తీసి చదివారు. గొంతు బాగుంది, దాన్ని కాదనలేను. మనం స్వతంత్రులం. మనల్ని ఎవరూ కట్టలేరు. మన శ్రమ మనది. మన పిల్లలు మన వాళ్ళు. మనం అన్న ప్రతిసారీ చేయి గాలిలో గుండ్రంగా తిప్పి కిందివాళ్ళ దాకా చాచారు. అది అద్దం ముందు నేర్చుకున్న భంగిమ. కిందివాళ్ళు దగ్గను కూడా దగ్గలేదు. జడ్జి రాసుకుంటున్నారు.

పట్టీ పళ్ళెం తెచ్చారు. సిస్టర్ ఫిలోమినా తీర్థం చల్లలేదు. మోకాళ్ళ నొప్పి అని కుర్చీలోనే ఉండిపోయింది. దాలమ్మను పిలిచారు. వచ్చింది. చెయ్యి చాపమన్నారు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని జడ్జి వైపు తిరిగింది.

"అమ్మా, ఆ బాబు మనం అన్నాడు. నన్ను కలిపి అన్నాడా, నన్నొదిలీసి అన్నాడా?"

జడ్జి రాయడం ఆపి తల ఎత్తారు. అప్పటిదాకా ఆవిడ ముఖంలో వికారం తప్ప ఏమీ లేదు.

"చెప్పండి," అన్నారు రియాన్ష్ గారితో, తెలుగులో. "మనం అంటే ఎవరు?"

"మనం అంటే... వుయ్."

"ఏ వుయ్?"

ఆయన అటూ ఇటూ చూశారు. "మనం అంటే మేమేనండి. మర్యాదగా చెబితే మనం."

కిందివాళ్ళు నవ్వారు. ముందు ఆడవాళ్ళు, తర్వాత అందరూ. వాళ్ళ నవ్వు నేను విడివిడిగా చాలాసార్లు విన్నాను. అందరిదీ ఒకేసారి వినలేదు. రియాన్ష్ గారి చెవులు ఎర్రబడ్డాయి. తనను చూసి ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు తెలియలేదు, నవ్వుతున్నారని మాత్రం తెలిసింది.

పక్క కుర్చీలోంచి ఎవరో ఇంగ్లీషులో చెవిలో చెప్పారు. వెంటనే ఆయన నా వైపు వేలు చూపించారు. అనువాదం ఆ అమ్మాయిదని, కాన్వెంటు పిల్లని, భయస్తురాలని, పొరపాటు పడిందని అన్నారు.

జడ్జి నన్ను ముందుకు రమ్మన్నారు. వెళ్ళాను. ఎలా వెళ్ళానో గుర్తు లేదు. దాలమ్మ పక్కన నిలబడ్డాను. ఆ పిల్ల వెనక ఒక చేత్తో రెండో మణికట్టును పట్టుకుని ఉంది.

"పొరపాటా?" అన్నారు జడ్జి.

"కాదండి. నేను మేము అని రాశాను. ఆయన మనం అని మార్చారు. రెండూ ఒకటి కాదని చెప్పాను. తనకు తెలుగు వచ్చన్నారు."

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అంతకంటే ఏమీ అనలేదు. అవసరం కూడా లేదు.

జడ్జి రియాన్ష్ గారిని మర్యాదగానే అడిగారు. ఆవిడ అడిగింది ఇది. మీకు తెలుగు రాకపోతే ఇప్పుడే చెప్పండి, ఈ వాక్యం కొట్టేస్తాను. అయితే ఇందాక మా వాళ్ళు, మా భాష ఒకటే అన్నారు, అది కూడా కొట్టేస్తాను. అప్పుడు వీళ్ళు మీకు పరాయివాళ్ళే. పరాయివాళ్ళను కట్టిపడేస్తే ఏమంటారో మీరే చెప్పారు. తెలుగు వస్తే మాత్రం మీరు అన్నది అన్నట్టే రాసుకుంటాను.

కుర్చీలు కదిలాయి. రాదనమని ఒకరు, రాదంటే మునుగుతామని ఒకరు, ఊరికే ఉండమని ఒకరు. సభ మొత్తానికి తెలివైనవాడు ఒక్కడుంటే ఆ సమయానికి వాయిదా అడిగేవాడు. తాతల కాలం నుంచి ఎవరూ వాళ్ళను ఎదురు ప్రశ్న అడగలేదు, అందుకని ఆ తెలివి అవసరం పడలేదు.

రియాన్ష్ గారు కిందివాళ్ళ వైపు చూశారు. వాళ్ళు ఇంకా నవ్వు ఆపుకుంటున్నారు. మెట్లు కడిగేవాళ్ళు. పాచి కోసేవాళ్ళు. వాళ్ళ ముందు అమ్మమ్మ భాష రాదని ఒప్పుకోవాలి. ఊరు ఒకవైపు, అది ఒకవైపు. ఆయన పొట్ట లోపలికి పీల్చుకున్నారు.

"నాకు తెలుగు వచ్చు," అన్నారు.

వీళ్ళ వంశంలో జరిగిన ఏకైక విప్లవం అది. చేసినవాడికి తెలియదు.

జడ్జి రాసుకున్నారు. మనం అన్నప్పుడు వింటున్నవాళ్ళందరూ ఊరి ప్రకటనలో భాగమేనని, వాళ్ళను ఎవరూ కట్టలేరని ఊరే ఒట్టు వేసిందని చదివి వినిపించారు. దాలమ్మకు పట్టీ కట్టకూడదు. కట్టిన పట్టీలను రేపటి నుంచి ఆవిడ ఓడ మీదే కోస్తారు. సభ అప్పీలు చేసుకుంటానంది. తప్పకుండా చేసుకోమని, ఏ భాషలోనైనా చేసుకోవచ్చని ఆవిడ గొడుగు ఎత్తారు.

అసిరమ్మ కేకలు పెట్టలేదు. వేదిక మీదికి వచ్చి కూతురి మణికట్టు పట్టుకుంది, పట్టీ ఉండాల్సిన చోట. ఆమె పట్టీ ఇంకా చేతికే ఉంది. తర్వాత పడమటికి చూసింది. ప్రకటన చదివినప్పుడు పాచి తెప్పల మీదివాళ్ళు వినలేదు. వినలేదు కాబట్టి వాళ్ళు అందులో లేరని సభ రేపు అప్పీలులో వాదిస్తుంది. ఆ పాటి బుద్ధి వాళ్ళకుంది.

అది అసిరమ్మకు నేను చెప్పనవసరం లేకపోయింది. "అయితే వినిపిత్తాం," అంది. జడ్జి గారి పడవలో ఇప్పుడే దాలమ్మ పాచి తెప్పలకు బయలుదేరింది. నేను నా చేత్తో రాసిచ్చిన ప్రతి ఆ పిల్ల దగ్గరుంది. అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. మొదటి మాట, మనం, చదవగలదా అని చూశాను. చదివింది. ఆ పిల్ల నోట అది నిజంగానే ఫ్యామిలీలా వినబడింది.

కిటికీలోంచి చూస్తే పడవ చిన్నగా కనబడుతోంది. అద్దం మీద ఉప్పు పేరుకుంది. రేపు దీన్ని ఎవరు తుడుస్తారో తెలియదు. నేనే తుడవాలేమో.

దీపాలు పెట్టారు. రోజూ ఈ వేళకు గడియ వేసి పోయే గార్డు ఇవాళ ఇటు రాలేదు. ఈ గది తలుపుకు గడియ బయటివైపే ఉంటుంది.